జమ్ముమడి కర్బనపు లెక్క

హైదరాబాదు నగరమునకు పడమర, శంకరపల్లి, మొయినాబాదు, చేవెళ్ల మండలములలో కురిసిన వానలో పెద్ద భాగము వాగుల వెంట పోయి రెండు జలాశయములలో చేరును. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరమును ముంచిన పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనలను అనుసరించి మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను సిద్ధమైనవి. మొదటిదానిని జనులు గండిపేట చెరువనియే పిలుతురు. ఈ నీరు చెడకుండుటకై ప్రభుత్వము 1996 మార్చి 8న 111 సంఖ్యగల ఉత్తరువును వెలువరించి, నిండు నీటిమట్టము నుండి 10 కిలోమీటర్ల దూరము వరకు కాలుష్యము కలిగించు కర్మాగారములను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించినది. 84 గ్రామములు దాని క్రిందికి వచ్చినవి. 2022 ఏప్రిలులో వెలువడిన 69 సంఖ్యగల ఉత్తరువు ఆ నిర్బంధములను తొలగించినది. అయితే జలాశయముల నీటి నాణ్యత చెడరాదనియు, మురుగునీటి శుద్ధి కేంద్రములు నిర్మింపవలెననియు అందులోనే చెప్పబడినది.

శంకరపల్లి మండలములోని దొంతన్‌పల్లి వంటి ఊళ్లకు ఈ చివరి మాట ముఖ్యమైనది. ఇండ్లు పెరుగుచున్నవి, విద్యాసంస్థల ఆవరణలు వెలసినవి. వాటి మురుగు ఎక్కడికి పోవలెను? నగరపు పెద్ద గొట్టములు అంత దూరము వచ్చు వరకు ఆగుటకు వీలులేదు. కావున ఊరి మురుగును ఊరిలోనే శుభ్రపరచు పద్ధతుల గురించి మాట వచ్చినప్పుడెల్లను ఒక పేరు ముందు వినిపించును. ఇంజనీర్లు దానిని నిర్మిత చిత్తడినేల అందురు. గులకరాళ్లు నింపిన మడిలో జమ్ము, మెట్టతామర వంటి మొక్కలు నాటి, వాటి వేళ్ల నడుమ మురుగునీటిని పారించు ఏర్పాటు ఇది. జమ్ముమడి అనిన చాలును.

ఈ జమ్ముమడికి ఇటీవల రెండవ గొప్ప ఒకటి జతపడినది. అది మురుగును శుభ్రపరచుట మాత్రమే కాదు, గాలిలోని కర్బనమును పట్టి నేలలో దాచును అని చెప్పుచున్నారు. భారత ప్రభుత్వము 2023లో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకమును ప్రకటించిన తరువాత ఇట్టి మాటలకు ధర కూడ ఏర్పడు అవకాశము కలిగినది. మొదటి గుణము నిజమే. రెండవది నిజమా? దానికి జవాబు కూడికలు, గుణకారములు వచ్చిన ఉన్నత పాఠశాల విద్యార్థి కూడ తేల్చగలడు.

ముందుగా శుద్ధి జరుగు తీరు తెలియవలెను. ఇండ్ల నుండి వచ్చిన నీరు మొదట ఒక తొట్టిలో నిలిచి బరువైన మలినమును అడుగున విడుచును. పిమ్మట మడిలో ప్రవేశించును. మడి లోతు అర మీటరుకు కొంచెము ఎక్కువ. గులకరాళ్ల పైనను, వేళ్ల పైనను జిగురుపొరగా అంటుకొన్న సూక్ష్మజీవులు నీటిలోని సేంద్రియ పదార్థమును తినును. ఈ పని చేయునవి ప్రధానముగా సూక్ష్మజీవులే గాని మొక్కలు కావు. మొక్కలు వాటికి నిలువ నీడనిచ్చును, కొంత నత్రజనిని, భాస్వరమును పీల్చును, రాళ్ల నడుమ దారులు మూసికొనిపోకుండ కొంత తోడ్పడును. భాస్వరములో ఎక్కువ పాలు రాళ్లకు అంటుకొనును. రాళ్లు నిండిన తరువాత ఆ పని మందగించును. నత్రజని వ్యవహారము మరింత చిక్కైనది. దానికి మొదట ఆమ్లజని, అనగా ఆక్సిజన్, ఉన్న చోటును, పిదప లేని చోటును కావలెను.

నీరు ఎంత మలినమో తెలుపుటకు జీవరసాయనిక ఆమ్లజని అవసరమను కొలత యున్నది, వాడుకలో బి.ఓ.డి. నీటిలోని మలినమును తినుటకు సూక్ష్మజీవులు ఎంత ఆమ్లజనిని వాడుకొనునో అది తెలుపును. మన దేశములో దీనిని 27 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద 3 దినములుంచి కొలుతురు. 2017 అక్టోబరులో కేంద్ర పర్యావరణ శాఖ విధించిన ప్రమాణము ప్రకారము శుద్ధియైన నీటిలో ఇది మహానగరములలో లీటరుకు 20 మిల్లీగ్రాములు, ఇతర ప్రాంతములలో 30 మిల్లీగ్రాములు మించరాదు. 2019లో జాతీయ హరిత న్యాయస్థానము దీనిని 10కి దించవలెనని ఆదేశించినది. చక్కగా కట్టిన జమ్ముమడికి 30 అసాధ్యము కాదు. ప్రతి ఋతువులోను 10 కంటె తక్కువ నిలుపుట వేరు సంగతి. తాగునీటి చెరువునకు ఎగువన కట్టువారు ఈ భేదమును మొదటి దినముననే గుర్తింపవలెను.

ఈ ప్రాంతమునకు జమ్ముమడి కొత్త వింత కాదు. దొంతన్‌పల్లి యున్న మండలములోనే కొత్తపల్లి గ్రామమున్నది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ 1999లో అక్కడ చేపట్టిన వాననీటి సంరక్షణ కృషి వలన ఆ ఊరిపేరు వ్యవసాయ శాస్త్రజ్ఞులకు సుపరిచితమైనది. తరువాతి కాలమున ఆ సంస్థ శాస్త్రజ్ఞులు గృహముల మురుగుతో పెద్ద మళ్లలోనే పరీక్షలు జరిపిరి. ఇక్రిశాట్‌లోని బయలునీటి మళ్లు ఏ ఋతువులో ఎట్లు పనిచేసినవో 2016లో కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించిరి. మరుసటి సంవత్సరము జమ్ము, మెట్టతామర, అంతరతామరలతో అజెరాటమ్ అను చిన్న ఊదాపూల కలుపుమొక్కను పోల్చి, నత్రజని, భాస్వరములను ఏది ఎంత పీల్చునో పరిశీలించిరి. ప్రతి గట్టుపై పెరుగు కలుపుమొక్కను కూడ పరీక్షకు నిలిపిన ఈ పని మెచ్చదగినది. ఆ పరీక్షల లక్ష్యము మాత్రము నీటి శుద్ధి. కర్బనపు నిల్వకు వాటిని సాక్ష్యముగా చూపుట న్యాయము కాదు.

అతిశయోక్తి ఈ విద్యకు మొదటిసారి తగులుకొన్న జబ్బు కాదు. 1950ల ఆరంభములో జర్మనీలోని ప్లోన్ పట్టణమున మాక్స్ ప్లాంక్ సంస్థలో కేథే సైడెల్ అను వృక్షశాస్త్రజ్ఞురాలు నీటిమొక్కలు మురుగును శుభ్రపరచగలవని చూపుటకు పూనుకొన్నది. ఆనాటి ఇంజనీర్లు ఆమె మాటను తేలికగా తీసికొనిరి. తరువాత రైన్‌హోల్డ్ కికుట్ వేరుమండల పద్ధతి అను పేరుతో దీనిని ప్రచారము చేసెను. 1974లో ఓట్‌ఫ్రేజన్ అను ఊరిలో అట్టి మడి నడవసాగినది. రెల్లుజాతి మొక్క తన బోలుకాండముల గుండ ఆమ్లజనిని పుష్కలముగా వేళ్లకు దింపి మట్టికిచ్చునని ఆయన వాదము. వేళ్లు పెరిగిన కొలది బంకమట్టి గుల్లబారి నీరు సులభముగా దిగునని కూడ అన్నాడు.

డెన్మార్కువారు 1980లలో ఆ మాట నమ్మి ఎన్నో మళ్లు కట్టిరి. మట్టి గుల్లబారలేదు. మురుగు మడిలో దిగక పైపైన పారినది. ఆమ్లజని మాట 1990లో తేలినది. ఆ దేశపు శాస్త్రజ్ఞుడు హాన్స్ బ్రిక్స్ తన సహచరునితో కొలిచి చూడగా, చదరపు మీటరుకు దినమునకు 2 గ్రాముల ఆమ్లజని మొక్కల గుండ దిగినను, దాదాపు అంతయు వేళ్లే శ్వాసించుచున్నవి. మట్టికి మిగిలినది గ్రాములో ఏబదవ వంతు! అంతటితో ఈ పద్ధతి చచ్చిపోలేదు. మట్టికి బదులు గులకరాళ్లు వచ్చినవి. ఆమ్లజని ఎక్కువ కావలసినచోట నీటిని విడతలు విడతలుగా పైనుండి వదలి, మధ్యకాలములో గాలి చొరబడనిచ్చు నిలువు మళ్లు వచ్చినవి. గొప్పలు రాలిపోయిన పిమ్మటనే జమ్ముమడి పనికివచ్చు వస్తువైనది.

ఇప్పటి కర్బనపు గొప్పను కూడ అట్లే కొలువవలెను. జమ్ము ఎండలో బొగ్గుపులుసు వాయువును పీల్చి దుబ్బుగా పెరుగుట కంటికి కనబడుచున్నది. చిత్తడిలో ఆమ్లజని కొరత వలన ఆకులు, వేళ్లు పూర్తిగా కుళ్లక కొంత కర్బనము నిలిచిపోవుటయు నిజమే. కాని ఆమ్లజని కొరతయే మరియొక దానిని పుట్టించును. అది మీథేన్. 1776 నవంబరులో ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా మజ్జియోరె సరస్సు బురదను కర్రతో కదిపి, పైకి వచ్చిన బుడగలను సీసాలో పట్టి, అది మండు వాయువని చూపెను. ఏ చెరువు బురదలోనైనను ఆ బుడగలు నేటికిని కనబడును. నూరేండ్ల లెక్కలో ఒక కిలో మీథేన్ భూమిని వేడిచేయుటలో 27 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానము. ఇరువది ఏండ్ల లెక్కలో అయినచో 80 కిలోలకు దగ్గర.

వేయి మంది గల ఒక ఊరిని ఊహింపవలెను. ఇది ఏ నిజమైన ఊరి లెక్కయు కాదు. మనిషికి 2 చదరపు మీటర్ల చొప్పున 2,000 చదరపు మీటర్ల మడి కావలెననుకొనిన, అర ఎకరమునకు కొంచెము తక్కువ. ఆ మడి ఎంత కర్బనమును దాచగలదు? విలియం మిట్ష్, ఆయన సహచరులు 2013లో లోకములోని 21 సహజ చిత్తడినేలల లెక్కలు కూర్చి, సగటున చదరపు మీటరుకు ఏటికి 118 గ్రాముల కర్బనము నిలుచుచున్నదని చెప్పిరి. మన మడికి అంతే ఔదార్యము చూపినచో ఏటికి 236 కిలోల కర్బనము. దానిని 44తో హెచ్చించి 12తో భాగించిన 865 కిలోల బొగ్గుపులుసు వాయువు వచ్చును. టన్నుకు తక్కువే!

ఇక ఖర్చు వైపు చూడవలెను. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి వారి అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘము 2013లో చిత్తడినేలలకై ప్రత్యేక అనుబంధ గ్రంథము వెలువరించినది. అందులో నిర్మిత చిత్తడినేలలకు ఒక అధ్యాయమే యున్నది. ఆ సంఘము లెక్కలలో మన దేశమున మనిషికి దినమునకు 34 గ్రాముల బి.ఓ.డి. కావున వేయి మందికి ఏటికి 12,410 కిలోలు. ఒక కిలో బి.ఓ.డి. అంతయు ఆమ్లజని లేకయే కుళ్లినచో 0.6 కిలో మీథేన్ పుట్టును. ఏ మడిలో ఇందెంత భాగము నిజముగా పుట్టునో తెలుపుటకు గుణకములు ఇచ్చిరి: నీరు పైకి కనబడు బయలునీటి మడికి 0.4, రాళ్ల క్రింద అడ్డముగా పారు మడికి 0.1, నిలువు మడికి 0.01.

హెచ్చించి చూచినచో బయలునీటి మడి నుండి ఏటికి సుమారు 2,980 కిలోల మీథేన్, అనగా 80 టన్నుల బొగ్గుపులుసు వాయువుతో సమానము. రాళ్ల క్రింద పారు మడి నుండి 745 కిలోలు, అనగా 20 టన్నులు. నిలువు మడి నుండి 2 టన్నులు. దాచినది ముప్పాతిక టన్నుకు కొంచెము పైన, విడిచినది 2 నుండి 80 టన్నుల వరకు! దాచిన దానిని రెండింతలు, మూడింతలు చేసినను అడ్డముగా పారు మడి విషయములో తీర్పు మారదు. సూక్ష్మజీవులు శ్వాసించి విడుచు బొగ్గుపులుసు వాయువు ఈ లెక్కలో లేదు. అది అన్నము, కూరగాయల రూపమున నిన్న గాలినుండి వచ్చినదే గనుక తిరిగి గాలికి పోవుట అప్పు తీర్చుట వంటిది. మీథేన్ సంగతి అట్లు కాదు. తీసికొన్న దానికంటె ఎక్కువ వేడిగల రూపములో తిరిగి ఇచ్చుట అది.

మీథేన్ ఒక్కదానితోనే లెక్క ముగియదు. నత్రజని మార్పులలో నైట్రస్ ఆక్సైడు అను మరొక వాయువు బయలుదేరును. అది కిలోకు 273 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానము. అదే గ్రంథములో ఈ వాయువునకు అడ్డముగా పారు మడి గుణకమే పెద్దది. దానిని కూడ చేర్చినచో నిలువు మడికిని అడ్డముగా పారు మడికిని భేదము తగ్గదు, ఇంకను పెరుగును. ఈ గుణకములలో ఎక్కువ భాగము చలిదేశముల కొలతలనుండి వచ్చినవి. మీథేన్ పుట్టించు సూక్ష్మజీవులు వెచ్చదనము కోరును. దక్కను వేసవిలో ఆ అంకెలు పెరుగుననుకొనుటకే కారణమున్నది గాని తగ్గుననుకొనుటకు లేదు.

ఎదుటివారి వాదమును కూడ వినవలెను. పైన చెప్పిన మిట్ష్‌గారే సహజ చిత్తడినేలలలో అధికభాగము చివరకు భూమిని చల్లబరచునవియే అని వాదించిరి. మీథేన్ గాలిలో పండ్రెండు సంవత్సరముల ప్రాంతమున విరిగిపోవును, దాచిన కర్బనము మాత్రము శతాబ్దముల తరబడి కుప్పపడుచుండును. మూడు వందల ఏండ్ల లెక్క చూచినచో నిల్వదే గెలుపు. ఈ వాదములో బలమున్నది. కాని అది కొల్లేరు వంటి సహజమైన నేలకు చెల్లునేమో గాని ఊరి చివర రాళ్ల మడికి చెల్లదు. మడి రాళ్లు పది, ఇరువది ఏండ్లలో బురదతో పూడిపోవును. అప్పుడు రాళ్లను పైకి తీసి కడుగవలెను, లేక మార్చవలెను. ఆ దినమున, దాచిన కర్బనమంతయు ఎండలో ఆరి మరల గాలిలో కలియును. ఇరువది ఏండ్ల ఆయువుగల పెట్టెలో మూడు వందల ఏండ్ల ధనమును దాచిన లెక్క పనికిరాదు.

కోసిన జమ్ము మాట కూడ వచ్చును. చదరపు మీటరుకు ఏటికి 2 కిలోల ఎండుమేత వచ్చిననుకొనిన మన మడిలో 4 టన్నులు, అందులో కర్బనము 1.8 టన్నులు. కాగితముపై ఇది పెద్ద అంకెయే. కాని కోసిన జమ్ము గట్టున కుళ్లినను, పొయ్యిలో కాలినను, పశువు తిన్నను ఆ సంవత్సరమే వెనుకకు పోవును. చాపలుగా అల్లిన కొన్నాళ్లు, బొగ్గుగా కాల్చి పొలములో కలిపిన చాలకాలము నిలుచును. ఆ పుణ్యము అప్పుడు బొగ్గు చేసినవారిది, మడిది కాదు. ఇట్లే నెక్నాంపూర్ చెరువులో 2018 ఫిబ్రవరి 2న 3,000 చదరపు అడుగుల తేలుమడిని వదలిరి. చెరువు ప్రాణము పోసికొనుటకు అది మంచి సాధనము. దాని వేళ్లు నీటిలో వ్రేలాడును గనుక నేలలో దాచుట అను ప్రశ్నయే అక్కడ పుట్టదు.

అయితే జమ్ముమడి వలన వాతావరణమునకు మేలే లేదా? ఉన్నది. అది వేరొక పద్దులో వ్రాయవలసినది. ఊరి మురుగు నేడు ఎక్కడికి పోవుచున్నదో చూచిన గాని ఈ పద్దు తెలియదు. అదే వేయి మంది మురుగు సెప్టిక్ తొట్లలో మురిగినచో ఆ సంఘము గుణకము 0.5. ఏటికి 3,723 కిలోల మీథేన్, అనగా 100 టన్నుల లెక్క. నిలిచిపోయిన మురుగు కాలువకును అదే గుణకము. అచ్చట నుండి నీటిని తీసి రాళ్ల క్రింద పారు మడిలోనికి మళ్లించినచో 100 టన్నులు 20కి దిగును. రెండవది విద్యుచ్ఛక్తి. గాలి ఊది మురుగును శుభ్రపరచు యంత్రములకు ఘనపు మీటరు నీటికి అర యూనిటు ఖర్చగుననుకొనిన, మనిషికి దినమునకు 80 లీటర్ల మురుగు చొప్పున వేయి మందికి ఏటికి 14,600 యూనిట్లు. మన దేశపు విద్యుత్తులో యూనిటుకు సుమారు 0.7 కిలో బొగ్గుపులుసు వాయువు వెలువడును. కావున 10 టన్నులు మిగులును. కరెంటు పోయినను మడి ఆగదు. మరమ్మతుకై నగరము నుండి మనిషి రానక్కరలేదు. దాచిన ముప్పాతిక టన్ను ఎక్కడ, తప్పించిన ఈ పదులకొలది టన్నులు ఎక్కడ! చెప్పుకొనదగిన గొప్పను విడిచి, చెప్పరాని గొప్పను ఎత్తుకొనుట వింతగానున్నది.

ఈ మేలును కూడ మింగివేయు తప్పిదమొకటి కలదు. మడికి ముందుండు తొట్టిని లెక్కలో మరచుట. సెప్టిక్ తొట్టినే మడికి ముందు నిలిపి, దాని గాలిగొట్టమును ఆకాశమునకు విడిచినచో, మీథేన్ అక్కడనే పోవును. మడి ఎంత చక్కగా పనిచేసినను పోయినది రాదు. ఆ తొట్టిని మూసి, వాయువును పట్టి పొయ్యికి ఇచ్చినచో పద్దు మారిపోవును. తొట్టి మూతకు పెట్టు ఖర్చు మొక్కలకు పెట్టు ఖర్చు కంటె ఎక్కువ ఫలమిచ్చును. ప్రణాళికల బొమ్మలలో పచ్చని జమ్ము పెద్దదిగాను, తొట్టి చిన్న చతురస్రముగాను ఉండుట బహుశః ఈ మరపునకు ఒక కారణము.

చేవెళ్ల ప్రాంతపు రైతు అడుగు ప్రశ్న మరియొకటి: శుద్ధియైన నీరు వేసవిలో ఎంత మిగులును? ఎండాకాలమున మడి దినమునకు 8 మిల్లీమీటర్ల నీటిని ఆవిరిగా విడుచుననుకొనిన 2,000 చదరపు మీటర్లకు 16 ఘనపు మీటర్లు. వచ్చినది 80. అయిదవ వంతు గాలికి పోయినట్లే. మిగిలిన నీటిలో ఉప్పుల చిక్కదనము ఆ మేరకు పెరుగును. పూలతోటకు, పశుగ్రాసమునకు ఇబ్బంది తక్కువ. పచ్చిగా తిను క్యారెటుకు, కొత్తిమీరకు ఈ నీటిని పెట్టవలెనన్న రోగక్రిముల పరీక్ష తప్పనిసరి, ఏలయన జమ్ముమడి వాటిని తగ్గించును గాని పూర్తిగా తీసివేయదు.

ఇట్టి మడి దగ్గరలోనున్న పాఠశాలకు దీనికంటె మంచి ప్రయోగశాల దొరకదు. లోనికి వచ్చు నీరు, బయటకు పోవు నీరు రెండు సీసాలలో పట్టి, మెథిలీన్ బ్లూ రంగు రెండు మూడు చుక్కలు వేసి, బిరడా బిగించి చీకటిలో ఉంచవలెను. ఆమ్లజని త్వరగా అయిపోవు సీసాలో నీలిరంగు ముందు మాయమగును. ఏ సీసా ఎన్ని గంటలు నిలిచినదో ప్రతి నెల వ్రాసి పెట్టినచో, వానకాలమునకు, వేసవికి మడి పనిలో ఎంత భేదమున్నదో ఆ పుస్తకమే చెప్పును. తొట్టి మూతపై గాలిగొట్టమున్నదా, అది ఎక్కడికి పోవుచున్నది అనునది కూడ అదే పుటలో వ్రాసికొనవచ్చును.